గాదెకూ కంచానికీ మధ్య

మన దేశంలో ఆకలి చరిత్రను వానల చరిత్రగా చెప్పడం పాలకులకు పాత అలవాటు. వాన రాలేదు, పంట పండలేదు, జనం చచ్చిపోయారు - ఈ మూడు మాటలతో కథ ముగిసిపోతుంది. నేరం ఆకాశానిది గనుక ఇక విచారణ అక్కరలేదు. అయితే గత నూటయాభై ఏళ్ల చరిత్రను నిదానంగా చూచిన వారికి మరొక సంగతి బోధపడుతుంది. గాదెలో గింజ ఉండగానే, దాన్ని కొనే శక్తి లేక జనం మలమల మాడిన సందర్భాలు ఒకటి రెండు కావు. పేదరిక నిర్మూలనకూ, ఆహార భద్రతకూ మన దేశంలో జరిగిన ప్రయత్నాలను ఈ దృష్టితో పరిశీలించవలసి ఉంది.

ధాత కరువు పేరు రాయలసీమలో ఎరగనివారు అరుదు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు, బొంబాయి రాజధానులనూ, మైసూరు, హైదరాబాదు సంస్థానాలనూ అది పీడించింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దాని నోట చిక్కినవే. దొరతనంవారి లెక్కల ప్రకారమే అరకోటి మందికి పైగా మరణించారు. ఆ సంవత్సరాల్లోనే ఈ దేశపు గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూ ఉన్నాయి. రైళ్లు గింజలను తేగలవు. కాని రైలు తెచ్చిన గింజకు వర్తకుడు వేసిన ధరను కూలివాడు చెల్లించలేడు. ధరల జోలికి పోరాదన్నది ఆనాటి ప్రభువుల అర్థశాస్త్రం. సహాయపు పనులు పరిశీలించడానికి 1877లో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, రోజంతా రాళ్లు కొట్టే మగవాడికి ఒక పౌను గింజలూ, ఒక అణా చాలునని నిర్ణయించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ వాదించవలసి వచ్చింది. మద్రాసు నగరంలో బకింగ్‌హాం కాలువను కలిపిన భాగం ఆ కరువు కూలీల చేతుల మీదుగా తవ్వినదే.

ఇంత మారణహోమం తర్వాత నియమించిన క్షామ సంఘం 1880లో నివేదిక ఇచ్చింది. పంట పోయినప్పుడు మొట్టమొదట పోయేది వ్యవసాయ కూలీల పని అనీ, పనితోపాటు కూలీ, కూలీతోపాటు తిండీ పోతాయనీ ఆ సంఘమే గుర్తించింది. ఆ గుర్తింపు నుంచే క్షామ నియమావళి పుట్టింది. కాని పరాయి ప్రభుత్వం చేతిలో నియమావళి కూడా ప్రభువుల ఇష్టానికి లోబడినదే. 1943లో బెంగాలులో అది తేటతెల్లమైంది. అక్కడ క్షామాన్ని ప్రకటించనే లేదు. ఇరవై నుంచి ముప్ఫై లక్షల మంది చనిపోయారు. 1981లో వెలువడిన తమ గ్రంథంలో అమర్త్య సేన్ లెక్క కట్టి చూపిన దాని ప్రకారం, 1943లో బెంగాలులో లభ్యమైన ఆహారం అంతకు ముందటి అయిదేళ్ల సగటు కంటె సుమారు 5 శాతం మాత్రమే తక్కువ; క్షామం రాని 1941 కంటె ఎక్కువ. సేన్ లెక్కలతో విభేదించినవారు లేకపోలేదు. అయినా ఒక విషయంలో సందేహం లేదు. యుద్ధపు ధరలు పెరిగినప్పుడు కలకత్తాలోని ఫ్యాక్టరీలకూ, ఆఫీసులకూ బియ్యం అందే ఏర్పాటు జరిగింది. పల్లెకూలీ, జాలరి, చేతిపనివాడు రోడ్డున పడ్డారు. ఎవరు చచ్చారో చూస్తే, ఎందుకు చచ్చారో తెలుస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత దేశం ముందున్న మొదటి సమస్య గింజలే. 1950-51లో తిండిగింజల ఉత్పత్తి సుమారు 5 కోట్ల టన్నులు. 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం కుదిరింది. వరసగా వానలు తప్పగా 1966లో కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకొన్నాము. అన్నం కోసం పరాయివాడి ఓడ వంక చూచే దేశానికి స్వతంత్ర విదేశాంగ విధానం ఎంతకాలం నిలుస్తుంది? 1965లో ఆహార సంస్థను, వ్యవసాయ ధరల సంఘాన్ని స్థాపించడం, మెక్సికో గోధుమ విత్తనాలు తెప్పించడం, ఐ.ఆర్. 8 వరిని పొలాల్లోకి తేవడం ఈ అవమానానికి సమాధానాలే. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐ.ఆర్. 8 పండించి చూపారు. హరిత విప్లవం నీరూ పెట్టుబడీ ఉన్న రైతుకే మొదట ఉపకరించిందని మనవారు చేసిన విమర్శ సరైనదే. అయితే ఆ విమర్శ వేడిలో, గింజలు పండించుకోవడం కూడా స్వాతంత్ర్యంలో భాగమేనన్న సంగతి మరచిపోవడం న్యాయం కాదు.

ఇక గాదె నిండింది. కంచం మాటేమిటి? 1971లో దండేకర్, రథ్ ప్రకటించిన అధ్యయనం, పల్లెల్లో సుమారు 40 శాతం, పట్టణాల్లో సుమారు సగం మంది చాలినంత తిండి కొనలేని స్థితిలో ఉన్నారని చూపింది. ఆ ఏడాదే ‘గరీబీ హటావో’ ఎన్నికల నినాదమైంది. నినాదానికి ఆచరణరూపం ఢిల్లీలో కంటె రాష్ట్రాల్లోనే ముందు కనిపించింది. 1972-73 అనావృష్టిలో లక్షలాది కూలీలకు పనులు పెట్టిన మహారాష్ట్ర, 1977లో పని హామీకి చట్టం చేసింది. 1982లో తమిళనాడు మధ్యాహ్న భోజనాన్ని విస్తరించింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఖజానా కొల్లబోతుందని పండితులు గోల పెట్టారు. ఓట్ల కోసమని మరికొందరు ఎద్దేవా చేశారు. ఓటున్నవాడి ఆకలిని ప్రభుత్వం లెక్కచేయవలసి రావడం ప్రజాస్వామ్యానికి అపకీర్తి ఎలా అవుతుంది? 1877లో ముట్టుకోరాదన్న ధరనే ఈ పథకం ముట్టుకొన్నది. దాని సారం అదే.

అయినా పథకం దయగా ఉన్నంతకాలం దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. 1997లో చౌకధరల డిపోల సరుకును పేదలకూ, పేదలు కానివారికీ వేరు చేశారు. ఆ గీత గీయడంలో నిజమైన పేదలెందరో బయట మిగిలారు. ఫలితం 2001లో కనిపించింది. ప్రభుత్వ గోదాముల్లో దాదాపు 6 కోట్ల టన్నుల ధాన్యం మూలుగుతూ ఉండగా, రాజస్థాన్ వంటి కరువు ప్రాంతాల్లో జనం పస్తులున్నారు. పౌరహక్కుల సంఘం ఒకటి సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఆ ఏడాది నవంబరులో కోర్టు బడిపిల్లలకు వండిన అన్నం పెట్టాలని ఆదేశించింది. 2005లో గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఇంటికి 100 రోజుల పనిని హక్కుగా రాసింది. 2013 ఆహార భద్రతా చట్టం పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మంది దాకా, మనిషికి నెలకు 5 కిలోల గింజలను హక్కు చేసింది. ఉపాధి హామీ ప్రారంభమైనది 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ధాత కరువునాడు పౌను గింజల కూలిని నిర్ణయించిన మద్రాసు రాజధానిలోనిదే ఆ మెట్టసీమ. అక్కడే పనిని హక్కుగా అడగవచ్చునని చట్టం ప్రకటించడం చరిత్రలో చిన్న మార్పు కాదు.

అయితే సంబరపడి ఊరుకోవలసిన సమయం ఇంకా రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో 35 శాతానికి పైగా వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉంది. బియ్యం కడుపు నింపుతుంది. పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూర లేని కడుపుతో శరీరం పెరగదు. వాటిని కొనడానికి కూలి కావాలి, కూలి నిలకడగా ఉండడానికి పని కావాలి, పని మీద మాట చెల్లడానికి భూమిలోనో, సంఘంలోనో బలం కావాలి.

కనుక చరిత్ర మనకు చెప్పేది ఇది. గింజలను పండించినవారు రైతులు, కూలీలు. గాదెలు కట్టినది ప్రభుత్వం. ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని ఎంతో కొంత తగ్గించినది మాత్రం అడిగిన జనం. దొరలు కొలిచి పోసిన పౌను గింజలకూ, చట్టం రాసిన 5 కిలోలకూ తేడా తూకంలోనే లేదు. మొదటిదాన్ని చేయి చాచి తీసుకోవాలి. రెండవదాన్ని తల ఎత్తి అడగవచ్చు. ఆ తల దించకుండా చూసుకోవడం మన తరం పని.