రెండు వేల రూపాయల కారు ఎందుకు ఆగింది?

1952లో కోయంబత్తూరులో ఒక పెట్రోలు కారు తయారైంది. ఇద్దరు కూర్చునే చిన్న బండి, ధర 2,000 రూపాయలు. చేసింది జి.డి. నాయుడు. ఆయన 1893లో కళంగల్ గ్రామంలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ కారు మాత్రం జనం చేతికి రాలేదు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదంటారు. మరి ఎందుకివ్వలేదు?

ముందు మనిషినే అనుమానిద్దాం. చేతకాక ఆగిందా? నాయుడు చదువు మూడో తరగతితో సరి. కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి రడ్జ్ మోటారుసైకిలు చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో సర్వరుగా చేరి, పైసా పైసా కూడబెట్టి దాన్ని కొన్నారు. కొన్నాక ఏ భాగానికా భాగం విప్పదీసి, మళ్లీ బిగించి చూసుకున్నారు. 1920లో పొల్లాచి–పళని మధ్య ఒక్క బస్సు వేసి తనే నడిపారు. అది పెద్ద కంపెనీ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు చేశారు. బ్యాటరీ సెల్స్‌తో గడ్డం గీసే రేజరూ చేశారు. చేతకాలేదనే మాట ఇక్కడే కొట్టుకుపోతుంది.

రెండో అనుమానం ధర మీద. నన్ను ఎక్కువ తొలిచింది ఇదే. ఒక్క బండిని షెడ్డులో చేత్తో చేయడం వేరు, వేల బళ్లు వరసగా దించడం వేరు. రేకును తలుపుగా, బానెట్‌గా ఒత్తే డైలకే బోలెడు డబ్బు పోయాలి. బళ్లు వేలల్లో అమ్ముడైతేనే ఆ ఖర్చు ఒక్కో బండి మీద పల్చబడుతుంది. 2,000 నిలిచే ధరేనా అన్నది ఫ్యాక్టరీ పెడితేనే తేలుతుంది.

ఇక ఆ సంవత్సరం చూడండి. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1951లో వచ్చి, 1952 మేలో అమలైంది. కొత్త ఫ్యాక్టరీకి ఢిల్లీ అనుమతి తప్పనిసరి అయింది. దేశంలో కార్లు కొనేవాళ్లు కొద్దిమందే కాబట్టి కొద్ది కంపెనీలు చాలునని, విడిభాగాలు తెచ్చి బిగించడం కాదు, ఇక్కడే తయారుచేయాలని ఆ తర్వాత ప్రభుత్వం నిర్ణయించింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. మిగిలిన కార్ల కంపెనీలు హిందుస్థాన్, ప్రీమియర్, స్టాండర్డ్. అవి చేసినవి మోరిస్, ఫియట్, బ్రిటిష్ స్టాండర్డ్ డిజైన్లు. ముడి ఇక్కడ విడుతుందని నా నమ్మకం. విదేశీ కారును మెల్లమెల్లగా స్వదేశీ చేసుకోవడమే ఆ పద్ధతి. మొదటి నుంచీ ఇక్కడే పుట్టిన బండికి అందులో చోటే లేదు.

నాయుడు ఒక్కరికే జరిగిందా అంటే, కాదు. ఇచల్‌కరంజిలో తయారైన మీరా కారు, కేరళలో తయారైన అరవింద్ కారు కూడా ఉత్పత్తి దాకా రాలేదు. సంజయ్ గాంధీ మారుతికి మాత్రం 1970లో ఏడాదికి 50,000 కార్లకు అనుమతి దొరికింది. అప్పటికి చూపించడానికి సిద్ధమైన కారే లేదు. బండి ఉన్నవారికి కాగితం లేదు, కాగితం ఉన్నవారికి బండి లేదు. మారుతి 800 రోడ్డెక్కింది 1983లో, అదీ సుజుకీ డిజైనుతో.

ఆ కథ ఇప్పుడు చేరాల్సింది పిల్లలకు. నాయుడు చదువుల వైపూ చేయి వేశారు: 1945లో కోయంబత్తూరు పాలిటెక్నిక్‌కు పూనుకున్నవారు ఆయనే. మన తెలంగాణలో వనపర్తి రాజభవనంలోనూ 1959 నుంచి ఒక పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి వనపర్తిలో మెకానికల్ చదివే పిల్లల ముందు రడ్జ్‌తో పాటు ఈ కారు కథా పెట్టాలి. ఆ ధర నిలిచేదో లేదో వాళ్లను లెక్కగట్టమనాలి. 1952లో ఆ లెక్క తేలనివ్వలేదు.