ముట్టుకోవడం చదువైనచోట

కంప్యూటరుతో పనిచేయడానికి కళ్ళూ వేలికొసలూ చాలవు, చెయ్యి మొత్తం, ఒళ్ళు మొత్తం ఆ పనిలోకి రావాలని చెప్పే చదువొకటి ఇవాళ విశ్వవిద్యాలయాల్లో ఉంది. దాన్ని టాంజిబుల్ అండ్ ఎంబాడీడ్ ఇంటరాక్షన్ డిజైన్ అంటున్నారు. ముట్టుకుంటే తెలిసే జ్ఞానం గురించిన చదువిది. ముట్టుకోవడమే నేరమైన చరిత్ర ఉన్నోళ్లం దీని పుట్టుపూర్వోత్తరాలు చూడాల్సిందే.

1992లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో డరెల్ బిషప్ ఒక టెలిఫోన్ యంత్రాన్ని ఊహించాడు. సందేశం వచ్చినప్పుడల్లా ఒక గోలీ బయటికి దొర్లుతుంది. దాన్ని గుంటలో పెడితే సందేశం వినపడుతుంది. 1997లో అమెరికాలో, ఎంఐటి మీడియా ల్యాబ్‌కు చెందిన హిరోషి ఇషీ, బ్రిగ్ ఉల్మర్ 'టాంజిబుల్ బిట్స్' పత్రంతో ఇట్లాంటి ఆలోచనకు సిద్ధాంత రూపమిచ్చారు. 2001లో పాల్ డౌరిష్ తన పుస్తకంలో దీనికి ఫినామినాలజీ పునాది వేశాడు. అర్థం బుర్రలో ముందే తయారై ఉండదు, లోకంలో పనిచేస్తుంటే పుడుతుందన్నది దాని సారం. 2007లో బాటన్ రూజ్‌లో ఈ రంగానికి మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది.

మరి మన దేశం సంగతి? 1958లో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికిచ్చిన నివేదికలో చెంబును తెగ మెచ్చుకున్నారు. అది చేతిలో, నడుం మీద ఎట్లా ఇముడుతుంది, నీళ్ళెట్లా ఒలుకుతాయి అని ఎన్నో ప్రశ్నలేశారు. ఆ చెంబును ఎవరు ముట్టుకోవచ్చు అన్న ప్రశ్న మాత్రం ఆ జాబితాలో లేదు. ఆ నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది.

హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతినే తీసుకోండి. బోర్డు అక్కర్లేదు, మాట అక్కర్లేదు. ఏ గ్లాసు ఎవరిదో వస్తువే చెబుతుంది, ఒళ్ళు దానికి లొంగి నడుచుకుంటుంది. ఇది డిజైన్ కాకపోతే మరేమిటి? కులం వస్తువుల్లోకీ ఒంట్లోకీ ఎక్కించిన డిజైన్ ఇది. 2009లో సుందర్ సరుక్కై ఇదే ఫినామినాలజీతో అంటరానితనాన్ని పరిశీలించి, దాని మూలం ముట్టుకోనని నిరాకరించేవాడిలో ఉందని వాదించాడు. డౌరిష్‌ను చదివే తరగతిలో సరుక్కైని కూడా చదవాలి.

ఇంకో మాట. డప్పును మంటకు కాపేటప్పుడు తోలు ఎంత బిగిసిందో మాదిగ చెయ్యి చెబుతుంది. లందలో తంగేడు చెక్కతో ఊరిన తోలు పక్వానికొచ్చిందా లేదా అన్నదీ చేతికే తెలుసు. అంటే వస్తువుతో చెయ్యి చేసే సంభాషణ ల్యాబుల్లో పుట్టింది కాదు. ల్యాబులు దానికి పేరు పెట్టాయి, పట్టా ఇచ్చాయి. ఆ జ్ఞానం ఉన్న చేతులకేమో పట్టా బదులు మైల అంటగట్టారు.

మా ఇండ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినోళ్లం అడిగేది ఒక్కటే. ఈ చదువు మన దగ్గర సాగేచోట తోలు పనివాళ్ళను ఫోటో తీసుకోవడానికో, 'యూజర్' అని రాసుకోవడానికో పిలవొద్దు. పాఠం చెప్పడానికి పిలవండి, జీతమిచ్చి పిలవండి. చెయ్యికి విలువ ఇవ్వడమంటే ఆ చెయ్యి ఉన్న మనిషికి కుర్చీ వెయ్యడమే.