డిచ్‌పల్లి నుంచి బోధన్ చెరకు పొలాల దాకా: కుష్ఠు పునరావాసంలో సలహావృత్తి చరిత్ర

వ్యాససంగ్రహం: వ్యాధి నయమైన మనిషిని తిరిగి బతుకుదెరువులో నిలబెట్టే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న నిజామాబాద్ జిల్లాలో నూరేళ్లకు పైబడినది. 1915లో డిచ్‌పల్లిలో వెలసిన విక్టోరియా కుష్ఠు వైద్యశాల మొదలుకొని 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం, ఆ తరువాతి శాసనాల వరకు జరిగిన పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చికిత్స ఆసుపత్రి ప్రహరీ దాటి ఇంటికి చేరింది. పునరావాస సలహా మాత్రం ఆ వేగంతో ఇంటికి చేరలేదన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: డిచ్‌పల్లి, ఇసబెల్ కెర్, కుష్ఠు, పునరావాస సలహావృత్తి, బోధన్, చెరకు కూలీలు.

1. డిచ్‌పల్లి వైద్యశాల

స్కాట్లాండ్‌లో పుట్టి అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేసిన ఇసబెల్ కెర్, భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ సంస్థానానికి వచ్చింది. నిజామాబాద్‌లో సాధారణ వైద్యం చేస్తున్న కాలంలో, కుష్ఠు రోగులకు ఎక్కడా ఆదరణ లేకపోవడం ఆమె దృష్టికి వచ్చింది. మొదట చిన్న ఆశ్రయం ఏర్పడింది. అది చాలకపోవడంతో, రాజా నర్సాగౌడ్ దాతృత్వం తోడై, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా వైద్యశాల ప్రారంభమైంది. క్రైస్తవ మిషన్ నడిపిన సంస్థకు స్థానిక హిందూ దాత అండగా నిలవడం గమనించదగిన విషయం.

నాటి చికిత్సకు ఆధారం హిడ్నోకార్పస్ నూనె సూదులు. కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఎర్నెస్ట్ మ్యూర్ మెరుగుపరచిన పద్ధతులు డిచ్‌పల్లిలోనూ అమలయ్యాయి. తరువాతి కాలంలో కుష్ఠు పరిశోధకుడిగా పేరు పొందిన జాన్ లోవ్ కూడా ఇక్కడ పనిచేసినవాడే. కెర్ దంపతులకు 1923లో కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. ఇసబెల్ కెర్ 1932లో డిచ్‌పల్లిలోనే మరణించింది.

సూదుల చికిత్స నెలలు, ఏళ్ల తరబడి సాగేది. ఆ దీర్ఘ నివాసం వల్ల రోగి చేతి పనితనం, కుటుంబ స్థితి, తిరిగి ఊరికి పోగల అవకాశం వైద్యసిబ్బందికి ప్రత్యక్షంగా తెలిసే వీలుండేది. నేడు పునరావాస సలహా అని పిలిచే పనికి పునాది ఈ పరిచయమే. అయితే ఆ నివాసానికి మరో ముఖం కూడా ఉంది. సమాజం వెలివేసిన మనిషికి అది ఆశ్రయమైనట్లే, ఆ వెలిని కొనసాగించే స్థలం కూడా అయింది. ఈ రెంటినీ విడదీసి చూస్తే చరిత్ర అసంపూర్ణమవుతుంది.

2. మందు ఇంటికి చేరిన తరువాత

1940లలో డాప్సోన్ రావడంతో రోగి ఆసుపత్రిలో ఉండవలసిన అవసరం తగ్గింది. 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలై సర్వే, విద్య, చికిత్స అనే త్రిసూత్రాన్ని చేపట్టింది. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. నేడు అది 6 లేదా 12 నెలల్లో పూర్తవుతుంది. 2005 చివరికి జాతీయ స్థాయిలో నిర్మూలన లక్ష్యాన్ని చేరినట్లు ప్రకటన వెలువడింది. ఆ లక్ష్యం 10,000 జనాభాకు ఒకటి కంటే తక్కువ కేసులు ఉండడం మాత్రమే. వ్యాధి పూర్తిగా అంతరించడం కాదు.

మందు సూక్ష్మక్రిమిని చంపుతుంది. అప్పటికే దెబ్బతిన్న నాడిని అన్నిసార్లూ బాగుచేయలేదు. ఈ వాస్తవాన్ని 1940ల చివరినుంచి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ చేసిన కృషి స్పష్టం చేసింది. వంకరపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేసినా, రోగికి పని దొరకకపోతే ఆ చేయి నిరర్థకమని గ్రహించి, అక్కడ చేతిపనులు నేర్పే కేంద్రాన్ని కూడా నెలకొల్పారు.

3. చెరకు ప్రాంతంలో స్పర్శలేని చేయి

మంజీరపై నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీటితో చెరకు విస్తరించగా, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. ఈ ప్రాంతంలో కూలి అంటే ప్రధానంగా చేతులతో చేసే పని. మోచేతి దగ్గరి అల్నార్ నాడి దెబ్బతిన్నవారికి చిటికెనవేలు, ఉంగరంవేలు స్పర్శ కోల్పోయి ముడుచుకుపోతాయి. చెరకు ఆకు అంచు కోసినా, కత్తి పిడి బొబ్బ లేపినా, బెల్లం వండే పెనం కాల్చినా నొప్పి తెలియదు. నొప్పి లేదు కనుక పని ఆగదు. పుండు ముదిరి ఎముకదాకా పోతుంది. చికిత్స పూర్తయినట్లు కార్డుపై నమోదైన చాలాకాలానికి వేళ్లు అరిగిపోవడానికి ఇది ముఖ్య కారణం.

ఇటువంటి కూలీకి కావలసినది రెండు రకాల సలహా. మొదటిది శరీరానికి సంబంధించినది: రోజూ చేతులు పరీక్షించుకోవడం, నీటిలో నానబెట్టి నూనె రాయడం, కత్తి పిడికి మందపాటి గుడ్డ చుట్టడం. రెండవది బతుకుకు సంబంధించినది: ఏ పని మానాలి, బదులుగా ఏది చేయాలి, ఇంట్లోవారికి ఏమి చెప్పాలి. మొదటిది వైద్యసిబ్బంది చెప్పగలరు. రెండవదానికి ఊరి ఉపాధి, చట్టం, మనసు మూడూ తెలిసిన మనిషి కావాలి. 2015 డిసెంబరులో బోధన్ కర్మాగారం మూతపడిన తరువాత ప్రత్యామ్నాయ ఉపాధిని వెతకడం మరింత కఠినమైంది.

4. శాసనంలో వృత్తి

అమెరికాలో 1954 నాటి వృత్తి పునరావాస సవరణ చట్టం విశ్వవిద్యాలయాలకు శిక్షణ నిధులిచ్చి ఈ సలహావృత్తికి రూపమిచ్చింది. భారతదేశంలో 1992 చట్టం పునరావాస సలహాదారులను ప్రత్యేక వృత్తి వర్గంగా గుర్తించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కుష్ఠు నయమైనవారిని తన పరిధిలో చేర్చి, ప్రభుత్వోద్యోగాల్లో చలన వైకల్యం గలవారితో కలిపి 1 శాతం రిజర్వేషన్ కల్పించింది. 2019లో వ్యక్తిగత చట్టాల సవరణ ద్వారా కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలు తొలగింది. హక్కులు ఈ విధంగా పెరిగాయి. అయితే ధ్రువపత్రం ఎక్కడ దొరుకుతుందో, రిజర్వేషన్ తనకు వర్తిస్తుందో లేదో తెలియని కూలీకి ఆ హక్కు అక్షరంగానే మిగులుతుంది. ఆ అక్షరాన్ని అతని ఇంటి గడపదాకా తీసుకువెళ్లడమే సలహాదారు వృత్తి.

5. ముగింపు

డిచ్‌పల్లి అనుభవం నుంచి గ్రహించదగినది రోగులను తిరిగి ఒకచోట చేర్చమని కాదు. ఆనాడు దీర్ఘ నివాసం వల్ల సాధ్యమైన పరిచయాన్ని, నివాసం లేకుండానే సాధించే మార్గం వెతకాలన్నది దాని సారం. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం అదే డిచ్‌పల్లిలో ఉంది. సాంఘిక శాస్త్రం, మనస్తత్వశాస్త్రం, స్థానిక వ్యవసాయ జ్ఞానం కలిసే పునరావాస అధ్యయనానికి ఇంతకంటే తగిన చోటు అరుదు. వైద్యశాల చరిత్ర, చెరకు ప్రాంత శ్రమ చరిత్ర ఇంతవరకు వేర్వేరు అధ్యాయాలుగా కనిపిస్తున్నాయి; స్పర్శ కోల్పోయిన కూలీ చేతిలో అవి రెండూ ఒకటే.