పసివాళ్ల చేతుల మీదుగా వచ్చిన టీకా

1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు మశూచి టీకా వేశారు. మన దేశంలో తొలిసారి టీకా పట్టింది ఆ పాపకే. ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్‌కు ఆవు మశూచి రసి ఎక్కించి అప్పటికి ఆరేళ్లు. దారాలకు పట్టించి, ఆరబెట్టి ఓడల్లో పంపిన రసి దూరప్రయాణానికీ ఎండకూ చచ్చుబడిపోయేది. చివరికి వియన్నా నుంచి బాగ్దాదు, బస్రాల మీదుగా వచ్చిన రసి పనిచేసింది.

ఆ పాప చేతి పొక్కు నుంచి తీసిన రసితో మరో ఐదుగురు పిల్లలకు టీకాలు పడ్డాయి. అక్కణ్నుంచి పుణె, సూరత్, హైదరాబాద్, మద్రాసులకు టీకా చేరింది. మంచుపెట్టెలు లేని ఆ రోజుల్లో రసిని బతికించింది పసివాళ్ల ఒళ్లే. టీకా వేసిన మూడు నాలుగు రోజులకు ఎర్రటి బొడిపె లేచేది. ఎనిమిదో రోజుకు అది నడుమ నొక్కుపడి, ముత్యంలా మెరిసే నీటిపొక్కయ్యేది. దాన్ని మొనతో గీరి, ఊరిన రసిని పక్కనున్న బిడ్డ చేతికి ఎక్కించేవారు. ఆలస్యమైతే పొక్కు చీముపట్టేది.

మశూచి వచ్చి తగ్గినవారికీ, టీకా పడినవారికీ పొక్కు సరిగా లేవదు. వారి ఒంట్లోని జ్ఞాపక కణాలు క్రిమిని ఆనవాలు పట్టి అణచేస్తాయి. పసిబిడ్డ ఒంటికి ఆ పరిచయం ఉండదు. అందుకే వారం వారం కొత్త బిడ్డ కావలసి వచ్చేది.

బాధంతా పిల్లలదే. మానకముందే పొక్కును గీరితే తల్లుల ప్రాణం ఒప్పేది కాదు. ఒకరి ఒంట్లోని సిఫిలిస్ మరొకరికి అంటుకునే ప్రమాదమూ ఉండేది. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టిన ఆ తల్లుల భయాన్ని ఉత్త మూఢనమ్మకంగా కొట్టిపారేయడం అన్యాయం.

19వ శతాబ్ది చివరికి దూడల చర్మం మీద రసిని పెంచే పద్ధతి స్థిరపడి, పిల్లల గొలుసు అవసరం తీరింది. మద్రాసు గిండీలో 1899లో వెలసిన కింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదటి పని ఈ రసి తయారీయే.

పసివాళ్లకు వేసే టీకాలు తర్వాత మరికొన్ని వచ్చాయి. 1948లో మదనపల్లెలో క్షయకు బి.సి.జి. టీకాలు ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. ఇప్పుడది పుట్టగానే వేస్తారు. దాని పని ప్రధానంగా టి కణాల ద్వారా సాగుతుంది, తల్లి నుంచి మాయ గుండా వచ్చిన ప్రతిరక్షకాలు దానికి అడ్డురావు. తట్టు టీకా సంగతి వేరు. ఆ ప్రతిరక్షకాలే దాన్ని పనిచేయనీయవు కనుక, అవి తరిగే తొమ్మిదో నెల దాకా ఆగుతారు.

మళ్లీ మశూచి సంగతికొస్తే, మన దేశంలో దాని చివరి కేసు 1975 మేలో నమోదైంది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ఆ రోగం అంతరించిందని ప్రకటించింది. ఆ టీకా మచ్చ ఇప్పుడు నడివయసు దాటినవారి చేతుల మీదే కనిపిస్తుంది.