రొట్టెలోని రోగకారణము

సీలియాక్ వ్యాధి పురాతనమైనది. సుమారు 1,900 సంవత్సరముల క్రిందటనే గ్రీకు వైద్యుడు అరిటేయస్ దీనిని వర్ణించెను. గ్రీకు భాషలో "కోయిలియా" యనగా ఉదరము. రోగియగు శిశువునకు కడుపు ఉబ్బి నొప్పిపుట్టును, విరేచనములగును, కాలుసేతులు పుల్లలవలె చిక్కిపోవును. పెక్కుమంది శిశువులు మరణించుచుండిరి.

1888లో లండను వైద్యుడు శామ్యూల్ గీ ఆహార నియమమే దీనికి మార్గమని సూచించెను. కాని విడువవలసిన దేదో ఆయనకు తెలియలేదు. 1924లో అమెరికా వైద్యుడు సిడ్నీ హాస్ రొట్టె మాన్పించి, అరటిపండ్లు పెట్టి శిశువులను బాగుచేసెను. అయితే గుణము అరటిపండుదే యనుకొనెను!

హాలెండు దేశమున హేగ్ నగరమందలి శిశువైద్యుడు విల్లెమ్ డికె గోధుమను అనుమానించెను. 1944-45 శీతకాలపు కరవులో రొట్టె కరవయ్యెను. జనులు ఆకలితో నలగుచుండగా ఈ శిశువులు తేరుకొనిరి. రొట్టె తిరిగి రాగానే మరల జబ్బుపడిరి. డికె అంతటితో తృప్తిపడలేదు. గోధుమ పెట్టియు, మాన్పియు పరీక్షించి, 1950లో ఫలితములను ప్రకటించెను. దోషము గోధుమపిండికి జిగురునిచ్చు గ్లూటెన్ అను మాంసకృత్తుదని 1952 నాటికి తేలెను.

గ్లూటెన్ తగిలినప్పుడు ఈ రోగుల శరీర రక్షణశక్తియే చిన్నప్రేవు లోపొరపై దాడిచేయును. ఆహారసారమును పీల్చు ఆంత్రచూషకములు అణగిపోవును. ఒంటబట్టని పదార్థము పెద్దప్రేవులో పులిసి వాయువు పుట్టును. నొప్పికి ఇదొక కారణము.

బార్లీ, రై ధాన్యములలో గూడ ఇట్టి మాంసకృత్తులున్నవి, వరిబియ్యములో లేవు. అయినను కడుపునొప్పి కలవారెల్ల తమంత తాము గోధుమ మానరాదు. ముందే మానినచో రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చును. పరీక్ష ముందు, పథ్యము తరువాత.