రాగి తీగతో కుట్టిన పడవ

మా గ్యారేజీలో కారు పెట్టి పద్నాలుగు నెలలైంది. పొద్దున్నే నేను కారు అద్దం మీది మంచు గోక్కుంటూ పనికి బయల్దేరుతుంటే, లోపల పదకొండడుగుల పడవొకటి పాత దుప్పటి కప్పుకుని, పక్కన హీటరు పెట్టుకుని హాయిగా పడుకుని ఉంటుంది. మా ఆవిడ దాన్ని ‘ఇంటల్లుడు’ అంటుంది.

ఫోనులో అమ్మకి చెబితే కంగారు పడింది. “కొనుక్కోలేక చేసుకుంటున్నావా నాయనా? అక్కడ అంత ఇబ్బందిగా ఉందా?”

నేను నవ్వేశాను గానీ, అమ్మ అడిగింది సరైన ప్రశ్నే. ఈ దేశంలో జనం పడవలు ఇంట్లో చేసుకోవడం మొదలుపెట్టింది కొనుక్కోలేకే.

చిన్నప్పుడు బందరు బళ్ళో మనకి చెప్పిన పాఠం గుర్తుందా? రవి అస్తమించని సామ్రాజ్యం, సముద్రాలనేలిన జాతి. అది విని ప్రతి ఇంగ్లీషువాడి పెరట్లోనూ ఓ పడవ ఉంటుందనుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చాక తెలిసింది, ఆ సముద్రం మీద మామూలువాడికి దొరికింది కూలి పని మాత్రమేనని. వాడు ఓడలో బొగ్గు ఎగదోశాడు, వలలు లాగాడు, యుద్ధాల్లో చచ్చాడు. గాలికి తెరచాప ఎత్తి సరదాగా తిరిగే భోగం దొరలది. 1815లో మొదలైన రాయల్ యాట్ స్క్వాడ్రన్ అనే క్లబ్బు కౌస్ అనే ఊళ్ళో ఉంది. ఆ గుమ్మం ఎంత ఇరుకో తెలియాలంటే మనందరికీ తెలిసిన ఒక పెద్దమనిషి సంగతి చెప్పాలి. టీ పొట్లం మీద పేరున్న లిప్టన్. సర్ థామస్ లిప్టన్ 1899 నుంచి 1930 దాకా ఐదుసార్లు అమెరికా కప్పు పందెం కోసం పడవలు కట్టించి, ఐదుసార్లూ ఓడాడు. రాజుగారికి స్నేహితుడు, కోటీశ్వరుడు. అయినా కిరాణా కొట్టుతో పైకొచ్చినవాడని ఆ క్లబ్బు ఆయన్ని చేర్చుకోలేదు. పందేలకి ఐర్లండులోని మరో క్లబ్బు తరఫున వెళ్ళాడు. చివరికి 1931లో, ఇక నెలల్లో పోతాడనగా, సభ్యత్వం ఇచ్చారు. లిప్టన్‌కే దిక్కు లేకపోతే ఫ్యాక్టరీ కూలీని ఎవరడుగుతారు?

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. గెలిచిన దేశం ఎలా ఉంటుందో మనవాళ్ళు ఊహించుకునేదానికీ, ఇక్కడ జరిగినదానికీ పొంతన లేదు. యుద్ధం జరుగుతుండగా రేషనులో లేని బ్రెడ్డు, గెలిచాక 1946లో రేషనులోకి వచ్చింది. మాంసం మీద రేషను 1954 జులై దాకా ఎత్తలేదు. కలప పరిస్థితీ అంతే. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి కుర్చీలూ బల్లలూ కూపన్ల మీద ఇచ్చేవారు.

కానీ ఆ యుద్ధమే ఒక విద్య కూడా ఇచ్చిపోయింది. లోహం కొరతగా ఉంటే మస్కిటో అనే బాంబరు విమానాన్ని చెక్కతో కట్టారు. పల్చటి ప్లైవుడ్డు, మధ్యలో తేలికైన బాల్సా చెక్క. కట్టినవాళ్ళలో చాలామంది బీరువాలూ పియానోలూ చేసుకు బతికే వడ్రంగులు. కేంబ్రిడ్జి పక్కన డక్స్‌ఫర్డ్‌లో తయారైన ఏరోలైట్ అనే జిగురు దానికి పనికొచ్చింది. తడికి ఊడని జిగురూ, వంచితే వంగే పలకా చేతికొచ్చాక, పడవకి మేస్త్రీ అక్కర్లేదనే ఆలోచన రావడానికి ఎంతసేపు!

ఆ ఆలోచన పూర్తిగా పండింది 1962లో. బారీ బక్నెల్ అని టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పే ఆయన ఉండేవాడు. పాత తలుపుల చెక్కడాల మీద హార్డ్‌బోర్డు కొట్టి నున్నగా చేసుకోమని దేశమంతటికీ నేర్పాడు. ఆ బోర్డులు పీకి పారేసిన తరువాతి తరం ఇప్పటికీ ఆయన్ని తిడుతుంది, అది వేరే కథ. ఆయనా, జాక్ హోల్ట్ అనే పడవల రూపశిల్పీ కలిసి గీసిన పడవే మిర్రర్ డింగీ. మా గ్యారేజీలో ఉన్నదీ అదే. డెయిలీ మిర్రర్ అనే కార్మికుల పత్రిక దాన్ని ముందుకు తెచ్చింది. అందుకే ఆ తెరచాపలు ఎరుపు. 1963 జనవరిలో, రెండువందల ఏళ్ళలో ఎరగనంత చలిలో దేశం గడ్డకట్టి ఉండగా, లండన్ పడవల ప్రదర్శనలో జనం దాన్ని చూశారు. విడిభాగాల పెట్టె ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. అప్పటి ఫ్యాక్టరీ కూలీకి దాదాపు నాలుగు వారాల జీతం. అలాంటివి 70,000కు పైగా తయారయ్యాయి.

రూపం చూస్తే నవ్వొస్తుంది. ముక్కు కోసేసినట్టు ముందువైపు బల్లపరుపు. తెరచాప కొయ్యని రెండు ముక్కలు చేసి, రెండూ పడవలోనే పట్టేలా పెట్టారు, కారు టాపు మీద కట్టుకుపోవాలి కదా. డొల్ల బరువు 45 కిలోలు.

కట్టే తీరు ఇంకా విచిత్రం. పలకల అంచుల్లో సన్న బెజ్జాలు వేసి, రెండు పలకలు పక్కపక్కన పెట్టి, రాగి తీగ దూర్చి పటకారుతో మెలిపెట్టాలి. మధ్యాహ్నం దాకా బల్ల మీద చదునుగా పడున్న చెక్కలు, తీగలు బిగిసేకొద్దీ వాటంతటవే వంగి సాయంత్రానికి పడవైపోతాయి. అప్పుడు అతుకుల మీద గాజుపీచు పట్టీ వేసి జిగురు పట్టిస్తారు. నేను నవంబరులో పట్టించాను. మూడు రోజులైనా ముదరని బెల్లం పాకంలా వేళ్ళకి అంటుకుంటూనే ఉంది. హీటరు వచ్చింది అందుకే.

కుడుతూ కుడుతూ నాకు మన తీరపు మసూలా పడవ గుర్తొచ్చింది. ఆ పేరు మచిలీపట్నం నుంచే వచ్చిందంటారు కొందరు. మేకు లేకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. మద్రాసుకి రేవు లేని రోజుల్లో, ఓడ దిగిన దొరల్ని ఒడ్డుకి చేర్చింది ఆ కుట్టిన పడవలే. ఒక తేడా ఉంది. మన తాడు కడదాకా పడవని పట్టుకునే ఉంటుంది, అల కొడితే పలకలతో పాటు అదీ కాస్త సాగుతుంది. ఇక్కడి తీగ పని జిగురు ఆరేదాకానే. ఆ తర్వాత బయటికి పొడుచుకొచ్చిన కొసలన్నీ కత్తిరించి చిత్రిక పడతారు.

ముక్కు దగ్గర వంపు ఎక్కువ. అక్కడ మూడో కుట్టుకి ఒక మెలిక ఎక్కువ తిప్పాను. తీగ చెక్క అంచుని చీల్చుకుని బయటికొచ్చింది. పుట్టీ పెట్టి, రుద్ది, రెండు పూతలు రంగేసి ఎవరికీ చెప్పలేదు.

మొన్న పక్కింటి పెద్దాయన చూడ్డానికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి ముందు గదిలోనే మిర్రర్ కట్టాడట. తలుపులో పట్టక కిటికీ చట్రం ఊడదీసి బయటికి తెచ్చారట. వాళ్ళమ్మ వారం రోజులు మాట్లాడలేదట. అవన్నీ చెబుతూ పడవ చుట్టూ తిరిగి, ముక్కు దగ్గర వంగి, కళ్ళు మూసుకుని అతుకు మీద వేలితో మెల్లగా రాసుకుంటూ పోయాడు. మూడో కుట్టు దగ్గర ఆగాడు.

“మాదీ ఇక్కడే చీలింది” అన్నాడు.