గ్రీకు పదాతి బల్లెం పట్టు: గ్రంథసాక్ష్యం, చిత్రసాక్ష్యం

క్రీ.పూ. 7వ శతాబ్దం నుండి 4వ శతాబ్దం వరకు గ్రీకు నగర రాజ్యాల యుద్ధాలలో ప్రధాన పాత్ర వహించినవాడు హోప్లైట్ అనే పదాతి సైనికుడు. అతని ముఖ్యాయుధం బల్లెం. దానిని అతడు భుజానికి పైగా ఎత్తి కిందికి పొడిచేవాడా, నడుము ఎత్తున పట్టి ముందుకు పొడిచేవాడా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. పైకి ఇది చిన్న వివరమే. కాని వ్యూహంలో సైనికుల మధ్య ఎంత ఎడం ఉండేది, వెనుక వరుసలవారు ఏ విధంగా తోడ్పడేవారు అన్న అంశాలు దీనితో ముడిపడి ఉన్నాయి. చిత్రాలు ఒక సమాధానాన్ని, గ్రంథాలు మరొక సమాధానాన్ని ఇస్తున్నట్లు తోచడమే ఇక్కడి చిక్కు. ఆ రెండు సాక్ష్యాలూ నిజంగా పరస్పర విరుద్ధాలేనా అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆయుధ స్వరూపాన్ని గమనించాలి. గ్రీకులు ‘డోరు’ అని పిలిచిన ఈ బల్లెం సుమారు 2 నుండి 2.5 మీటర్ల పొడవుండేది. కర్రకు ముందు ఇనుప మొన, వెనుక ‘సౌరోటేర్’ అనే కంచు ములుకు ఉండేవి. ఈ ములుకు బల్లేన్ని నేలలో గుచ్చి నిలపడానికి, కర్ర విరిగినప్పుడు పొడవడానికి ఉపయోగపడేది. అంతేకాక దాని బరువు వల్ల తూకపు బిందువు వెనుకకు జరిగి, చేతికి ముందు ఎక్కువ పొడవు మిగిలేది. ఎడమ చేతిలో సుమారు 90 సెంటీమీటర్ల వ్యాసం గల గుండ్రని డాలు ఉండేది. ముంజేయి డాలు నడుమనున్న పట్టీలో దూరి, పిడికిలి అంచునున్న పిడిని పట్టేది. అందువల్ల బల్లెం భారమంతా కుడి చేతిదే.

కింది పట్టులో బొటనవేలు మొన వైపు ఉంటుంది. అందువల్ల దెబ్బ దూరం సాగుతుంది, చేయి త్వరగా అలసిపోదు. అయితే డాళ్లు దగ్గరగా చేరిన వరుసలో ఆ చేతికి చోటు తక్కువ. వెనుకకు లాగినప్పుడు ములుకు సొంత సైనికులకే తగలవచ్చు. పై పట్టులో బొటనవేలు ములుకు వైపు ఉంటుంది. డాలు అంచు మీదుగా శత్రువు ముఖాన్ని, మెడను గురిచూడవచ్చు. కాని ఎత్తిన చేయి త్వరగా అలసిపోతుంది. ఒక పట్టు నుండి మరొక పట్టుకు మారాలంటే పిడికిలినే తిప్పుకోవాలి. రెండవ చేయి డాలుకు కట్టుబడి ఉన్నందున యుద్ధరంగంలో అది సులభం కాదు.

చిత్రసాక్ష్యంలో ప్రసిద్ధమైనది కొరింత్ శైలికి చెందిన ‘చీజీ’ పాత్ర. క్రీ.పూ. 650-640 ప్రాంతపు ఈ పాత్ర 1881లో ఇటలీలోని వేయీ సమీపంలో లభించింది. దీనిపై రెండు సైన్యాలు ఎదురెదురుగా కదులుతుండగా ముందువరుస సైనికులు బల్లేలను భుజాలకు పైగా ఎత్తి పట్టుకున్నారు. అయితే అదే చిత్రంలో ఆయుధాలు ధరిస్తున్నవారి పక్కన జంట బల్లేలు, వాటికి విసరడానికి ఉపకరించే ఉచ్చులు కనిపిస్తాయి. అంటే ఎత్తిన ప్రతి చేయీ పొడిచే చేయి అని నిశ్చయించలేము. కింది పట్టును చిత్రిస్తే ఆయుధంలో కొంత భాగం డాలు వెనుక మరుగయ్యే అవకాశాన్నీ విస్మరించలేము.

గ్రంథసాక్ష్యంలో జెనోఫోన్ ‘అనబాసిస్’ ముఖ్యమైనది. క్రీ.పూ. 400లో బితూనియాలో జరిగిన పోరులో, బూర మోగేవరకు బల్లేలను కుడి భుజం మీద ఉంచుకొని, ఆ తరువాత వాటిని దాడికి అనువుగా దించి నడవాలని ఆజ్ఞ ఇచ్చినట్లు ఆయన రాశాడు. కింది పట్టును సమర్థించేవారికి ఇది బలమైన ఆధారం. కాని ఆ పోరులో బల్లేలు దించిన హోప్లైట్లు సమీపించగానే శత్రువులు నిలువక పారిపోయారు. కనుక ఈ వాక్యం ముందడుగును వర్ణిస్తుంది కాని ముఖాముఖి పోరును కాదు. భుజం మీది నుండి బల్లెం దిగిందని చెబుతుంది కాని ఏ ఎత్తున పొడిచిందో చెప్పదు.

ఆధునికులలో విక్టర్ డేవిస్ హాన్సన్ 1989లో ప్రచురించిన గ్రంథంలో, తొలి తాకిడికి కింది పట్టు, తరువాతి పెనుగులాటకు పై పట్టు అని సమన్వయించాడు. ఇందులో పట్టు మార్పు ఎలా జరిగేదన్న ప్రశ్న మిగులుతుంది. క్రిస్టఫర్ మాథ్యూ 2012 నాటి గ్రంథంలో ప్రయోగాల ఆధారంగా కింది పట్టునే సమర్థించి, పై పట్టు చిత్రాలను విసిరే ఆయుధాలకు ఆపాదించాడు. ఈ వాదం అంగీకరిస్తే పాత్రలపైని విస్తారమైన చిత్రసంపదలో అధికభాగాన్ని పొడిచే పోరాటం నుండి వేరుచేయవలసి వస్తుంది.

చీజీ పాత్రకూ జెనోఫోన్‌కూ మధ్య సుమారు 250 సంవత్సరాల ఎడం ఉంది. ఒకటి తాకిడికి ఒక్క అడుగు ముందటి స్థితి; మరొకటి శత్రువును సమీపించే నడక. కాలం వేరు, సందర్భం వేరు అయినప్పుడు ఒకదానితో మరొకదానిని ఖండించడం తగదు. తరువాతి కాలపు మాసిడోనియా సైనికుడి విషయంలో ఈ సందేహం లేదు. పోలీబియస్ 14 మూరలని చెప్పిన సారిస్సాను రెండు చేతులతో పట్టక తప్పదు గనుక దానిని తలకు పైగా ఎత్తి పొడవడం కుదరదు. హోప్లైట్ ఆయుధం అలా ఒకే పట్టును నిర్బంధించలేదు. కాబట్టి మూడు శతాబ్దాల యుద్ధరీతికి ఒకే పట్టును నిర్ణయించే ముందు, ప్రతి సాక్ష్యం యుద్ధంలోని ఏ ఘట్టానికి చెందినదో తేల్చుకోవడం అవసరం.